స్టాన్లీకి వినిపించరాదు

అనకాపల్లి,
12 జూన్ 2005.

ప్రియమైన రోజలిన్ అప్పకి,

తమ్ముడు స్టాన్లీ వందనాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం, అమ్మ మోకాళ్ళు తప్ప. మీ జయపురంలో ఈపాటికి వానలు మొదలై ఉంటాయి. మాకింకా ఉడుకే.

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి అనుకుంటావు. మీ ఆసుపత్రి ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరో వార్డుకి వచ్చి డ్యూటీలో ఉన్న నిన్ను పిలవాలి, నువ్వు పరుగెత్తుకొచ్చి నలుగురి మధ్య నిలబడి మాట్లాడాలి. అదొకటి. రెండోది, ఫోనులో మాట మార్చడంలో నువ్వు ఘనురాలివి. కాగితం మీద అంత సులువు కాదు.

సంగతేమిటంటే, ఎలియాజరు మాస్టారి భార్య ఇల్లు మారుతూ ఒక ఇనప పెట్టె మా ఇంటికి పంపించారు. మాస్టారు పోయి ఏడాదైనా ఎవరూ మూత తీయలేదట. తీస్తే అందులో మన ‘వేకువచుక్క’ బృందం తొలినాటి క్యాసెట్లు. తుమ్మపాల చర్చి వెనక గదిలో మాస్టారి హార్మోనియం, త్రినాధరావు గారి తబలా, వంతపాటకి నువ్వు, అందరికీ ముందు పదమూడేళ్ళ నేను. ఆ రోజులన్నీ ఆ పెట్టెలో వరసగా పేర్చి ఉన్నాయి. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, దాచడమెందుకు.

సమయానికి దొరికాయి కూడా. మన మొదటి క్యాసెట్ వచ్చి ఈ అక్టోబరుకి పాతికేళ్ళు. రెండో తారీఖు ఆదివారం చర్చిలో పండుగ చేస్తున్నారు. పాత పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ వేస్తారు, ఆ పని కమిటీ నాకే అప్పజెప్పింది. ‘పొలిమేర దాటి వెతికితివా’ పాడినందుకు నాకు శాలువా కప్పుతారట. నవ్వకు. ఆ ఒక్క పాటే కదా నాకు అన్నం పెట్టింది. అది విన్న కరస్పాండెంటు గారు పిలిచి బడిలో పాటల మాస్టారి ఉద్యోగం ఇచ్చారు. అది విని దీనా వాళ్ళ నాన్న పిల్లనిచ్చాడు. ఆ పాట తర్వాత గొంతు మారిపోయి మళ్ళీ అలా పాడలేకపోయినా, కీబోర్డు వాయించుకుంటూ కాలం గడుపుతున్నా, ఊళ్ళో నేనింకా ‘పొలిమేర స్టాన్లీ’నే.

ఇప్పుడు అసలు విషయం. పెట్టె అడుగున ఒక క్యాసెట్ గుడ్డలో చుట్టి ఉంది. దానిమీద మాస్టారి గుండ్రటి అక్షరాలు: ‘స్టాన్లీకి వినిపించరాదు’. అలా రాసి ఉంటే ముందు ఏది వింటాను, చెప్పు.

అది అదే పాట అప్పా. అదే గది, అదే తబలా, మధ్యలో రైలు కూత. కానీ పాడింది నేను కాదు. ఎవడో కుర్రాడు. ఆరుసార్లు మొదలుపెట్టాడు, ఆరుసార్లూ పల్లవి దాటగానే గొంతు చీలికలైపోయింది. దీనా వంటింట్లోంచి వచ్చి, “ఎవులండీ అది, మేకపిల్ల తప్పిపోయినట్టున్నాది” అంది.

నవ్వాను గానీ మనసు కుదుటపడలేదు. ఎవడు వాడు? నాకు తెలియకుండా నా పాట వాడిచేత ఎందుకు పాడించారు? నన్ను తప్పించాలనుకున్నారా? పెద్దమ్మ పోయాక నువ్వు మా ఇంట్లోనే పెరిగావు, ప్రతి ప్రాక్టీసుకీ నాతోనే వచ్చేదానివి. నీకు తెలియకుండా ఉండదు. దాచకుండా రాయి.

నీ తమ్ముడు,
స్టాన్లీ


జయపురం,
25 జూన్ 2005.

తమ్ముడు స్టాన్లీకి,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు పట్టాయి. వార్డు నిండా జ్వరాలే, ఒక్కో మంచానికి ఇద్దరు. పిన్ని మోకాళ్ళకి ఉప్పు కాపడం పెట్టించు, మెట్లెక్కనివ్వకు. మాత్రలు తనకి తానే కొనుక్కుని మింగకుండా చూడు.

టేపుల సంగతి రాశావు. పాతికేళ్ళ నాటివి, బూజు పట్టి ఉంటాయి. మిషన్లో పెడితే మిషను పాడవుతుంది. మాస్టారు వినిపించవద్దని రాశారంటే ఏదో కారణం ఉండే రాసి ఉంటారు, ఆయన మాట మన్నించి పక్కన పెట్టెయ్యి. ఎవడో కుర్రాడు పాడాడు. పాడనీ. సీడీలో ఎలాగూ ఆ పాట క్యాసెట్‌లో ఉన్నట్టే వస్తుంది కదా, నీకేం తక్కువ?

ఒక్క మాట. ఈ ప్రశ్న నన్నే ఎందుకు అడిగావో నాకు తెలియదనుకోకు.

పండక్కి రాలేను. సెలవు దొరకదు.

రోజలిన్


అనకాపల్లి,
8 జులై 2005.

రోజలిన్ గారికి,

‘గారు’ అని ఎందుకంటే, మీ ఉత్తరం అంత దూరంనుంచి వచ్చినట్టుంది.

నేను కుర్రాడి పేరు అడిగితే నువ్వు బూజు గురించి రాశావు. పైగా ‘నన్నే ఎందుకు అడిగావో తెలుసు’ అన్నావు. ఏం తెలుసు? ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. చదివినకొద్దీ నువ్వేదో దాస్తున్నావని రూఢి అయింది.

టేపుకి బూజు పట్టలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను. ఆరోసారి పాట తెగిపోయాక ఆ కుర్రాడు దగ్గుతాడు. దగ్గి, “అప్పా, మంచినీళ్ళు” అంటాడు. వెంటనే గ్లాసు చప్పుడు. అంటే నువ్వు అక్కడే ఉన్నావు. వాడికి నీళ్ళిచ్చావు. నిన్ను అప్పా అని పిలిచేంత చనువున్నవాడు నీకు ‘ఎవడో కుర్రాడు’ ఎలా అయ్యాడు?

నిన్న తుమ్మపాల వెళ్ళాను. త్రినాధరావు గారు పంచదార మిల్లులో రిటైరై మనవల్ని ఆడిస్తున్నారు. తబలా మీద బియ్యం చేట పెట్టి ఉంది, చూస్తే ప్రాణం ఉసూరుమంది. టేపు మాట ఎత్తగానే ముసలాయన మొహం అటు తిప్పుకున్నారు.

“అయ్యన్నీ ఇప్పుడెందుకు బాబూ. పాట బాగున్నాది, నీకు పేరొచ్చింది. ఇంకేటి గావాలి.”

“మీ కన్నబాబు చేత పాడించారా?” అని మొహం మీదే అడిగేశాను. వాడిదీ నా వయసే కదా, ఆ రోజుల్లో తండ్రి వెనకాలే తిరిగేవాడు. ఇప్పుడు పండక్కి మైకులు పెట్టేది కూడా వాడే.

ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. “మా కన్నబాబా. ఆడికి పాటేటి. ఆడు నోరిప్పితే గొడ్లు కట్టు తెంపుకుంటాయి.” తర్వాత గొంతు తగ్గించి, “రోజమ్మనడుగు. ఆయమ్మ సెప్పాల. నేను సెప్పను, మాస్టారికి మాటిచ్చేసేను” అన్నారు.

మాటిచ్చారట. నువ్వూ ఇచ్చావా? ఎందరిచేత మాట తీసుకున్నారు మాస్టారు, నా ఒక్కడికి తెలియకుండా ఉండడానికి? నాన్న లేని నాకు ఆయనే తండ్రి అనుకున్నాను. ఆయన శవపేటిక మోసినవాళ్ళలో నేనున్నాను.

నిజం చెప్తున్నాను, ఆ గాడిద గొంతు విన్నప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. నన్ను పక్కకి నెట్టి, పాడడం కూడా రాని వాణ్ణి నిలబెట్టాలని చూశారు. వాడి వల్ల కాక మళ్ళీ నా దగ్గరికొచ్చారు. అంటే పదమూడేళ్ళప్పుడే నేను ఎవరికీ అక్కర్లేని వాణ్ణన్నమాట. అదే బుర్రలో తిరుగుతోంది.

పేరు రాయి. అంతకంటే ఏమీ అడగను.

స్టాన్లీ


జయపురం,
20 జులై 2005.

స్టాన్లీ,

పాతికేళ్ళుగా ఇలాంటి ఉత్తరం ఒకటి వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇంత తెలివిగా వస్తుందనుకోలేదు.

తెలియనట్టు అడుగుతున్నావు. ‘గాడిద గొంతు’ అనడం మరీ బాగుంది. నేను నవ్వి, మెత్తబడి, ఉన్నదంతా కాగితం మీద పెట్టాలనా? పెడితే ఏం చేస్తావు? దాచుకుంటావా, చింపేస్తావా? లేకపోతే శాలువా కప్పించుకునే ముందు నా నోరు ఎంతవరకు కట్టేసి ఉందో చూసుకుంటున్నావా? భయపడకు. ఇన్నాళ్ళు విప్పని నోరు ఇప్పుడూ విప్పను. మీ ఇంట అన్నం తిన్నదాన్ని.

నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరిచిపోలేదు. మొదటి క్యాసెట్ వచ్చిన రోజు మాస్టారి ఇంట్లో అందరం కూర్చుని విన్నాం. పాట అయిపోగానే నువ్వు నా వైపు తిరిగి నవ్వావు. తర్వాత ఎనభై ఆరులో నా పెళ్ళిలో అందరూ ఆ పాట పాడమంటే, గొంతు బాగాలేదని చెప్పి క్యాసెట్ పెట్టించావు. అప్పుడూ నా వైపు చూసి అదే నవ్వు. పెళ్ళిబట్టల్లో తల వంచుకుని కూర్చుని నేను ఏం వింటున్నానో నీకు తెలుసు. నేను అనకాపల్లి ఎందుకు రానో కూడా నీకు తెలుసు. సెలవులు లేక కాదు.

త్రినాధరావు గారిని వేధించకు. పెద్దవాడు. నాకు ఇంక రాయకు.

రోజలిన్


అనకాపల్లి,
4 ఆగస్టు 2005.

అప్పకి,

రాయవద్దన్నా రాస్తున్నాను. నీ ఉత్తరం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకేం తెలుసు? నవ్వానట. పదమూడేళ్ళవాడు తన పాట మొదటిసారి టేపులో వింటే నవ్వడా? నీ పెళ్ళిలో సంతోషమై నవ్వి ఉంటాను. దానికి ఇరవై ఏళ్ళు ఊరికి రాకుండా ఉంటారా ఎవరైనా?

నువ్వు చెప్పకపోయినా నేను ఊహించుకోగలను. ఆ కుర్రాడు ఎవరో కావలసినవాడు. వాణ్ణి తప్పించి నన్ను పెట్టినందుకు నీకు నామీద కోపం. మాస్టారు, త్రినాధరావు గారు, నువ్వు, ముగ్గురూ ఒకటి. నేనొక్కణ్ణే బయటివాణ్ణి.

ఇంకో సంగతి. కమిటీలో ఒకరిద్దరు నన్ను చూసి మాట ఆపేస్తున్నారు. నిన్న పాస్టరు గారు, “స్టాన్లీ గారూ, సీడీలో పొలిమేర పాట ఒక్కటే చాలేమో, మిగతా టేపులు వద్దు” అన్నారు. ఎందుకు వద్దు? ఆయన చెవిలో ఎవరు ఊదారు? కన్నబాబు దగ్గర ఇంకో కాపీ ఉండి ఉంటుంది. పండుగ రోజు అది బయటపెట్టి, అసలు మొదట అనుకున్నది ఇతన్ని కాదు అని నవ్వులపాలు చేస్తారు.

అందుకే నేనే ముందు బయటపెట్టదలిచాను. అక్టోబరు రెండున అందరి ముందూ ఆ క్యాసెట్ నేనే వేస్తాను. ‘నన్ను కాదని మాస్టారు నిలబెట్టాలని చూసింది ఈ గొంతుని, వినండి’ అంటాను. ఆరుసార్లూ వినిపిస్తాను. తర్వాత నా పాట వేస్తాను. తేడా జనమే చెప్తారు. వాడెవడో ఆ సభలో ఉంటే వాడి మొహం చూడాలని ఉంది నాకు.

దీనా వద్దంటోంది. నేను నిర్ణయించేసుకున్నాను.

స్టాన్లీ


జయపురం,
13 ఆగస్టు 2005.

నాన్నా స్టాన్లీ,

ఈ ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను, నీ చేతికే అందాలని. కూర్చుని చదువు.

ఆ టేపు ఎక్కడా వెయ్యకు. నన్ను నమ్మి ఆగు. నీ ఉత్తరం చదివి డ్యూటీకి వెళ్ళలేదు, సిస్టరుతో ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఇన్నేళ్ళూ నీకు తెలుసనుకున్నాను. తెలిసీ ఊరుకున్నావనుకున్నాను. తెలిసినవాడు ఎవడూ ఆ టేపు నలుగురిలో వేస్తాననడు. నీకు నిజంగానే తెలియదు.

ఆ కుర్రాడు నువ్వే.

బృందంలో నన్ను అప్పా అని పిలిచేది ఎవరు? కన్నబాబు రోజమ్మగారు అనేవాడు. మాస్టారు, త్రినాధరావు గారు రోజమ్మ అనేవారు. నువ్వు తప్ప నాకు తమ్ముడెవడున్నాడు?

ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను. విశాఖపట్నంనుంచి రికార్డింగ్ మిషను ఒక్కరోజుకే తెచ్చారు. సాయంత్రం బస్సుకి తిరిగి పంపాలి. బయటి చప్పుడు రాకుండా గది కిటికీలకి పిన్ని కుట్టిన బొంతలు కట్టాం. అప్పటికే క్యాసెట్ కార్డులు అచ్చయిపోయాయి. నీ ఫొటో, కింద ‘గానం: మాస్టర్ స్టాన్లీ’. పని ముందే అయిపోతుందని మాస్టారు తొందరపడి వేయించేశారు. సరిగ్గా ఆ వారమే నీ గొంతు మారడం మొదలైంది. మాస్టారు మిరియాల కషాయం పట్టించారు, ఉప్పునీళ్ళు పుక్కిలింపించారు. ఆరుసార్లు పాడావు. నువ్వు విన్నదే అది.

ఆరోసారి అయ్యాక నిన్ను, కన్నబాబుని ఇడ్లీలు తిని రమ్మని పంపేశారు. నువ్వు అలా వెళ్ళగానే మాస్టారు నన్ను పిలిచి, “మిషను సరిగ్గా పట్టుకుంటన్నాదో లేదో సూడాల, ఒక్కసారి పాడమ్మా” అన్నారు. నేను నిజమనుకున్నాను. మిషను కోసమేగా అని బెరుకు లేకుండా పాడాను. నీకు పదాలు అందించీ అందించీ పాట అంతా నాకు నోటికి వచ్చు. అయిపోయినా త్రినాధరావు గారు తబలా మీంచి చేతులు తీయలేదు. మాస్టారు, “ఇదే” అన్నారు.

పేరో, అని అడిగాను. “కార్డులు అచ్చయిపోయేయమ్మా. తమ్ముడే కదా” అన్నారు.

నువ్వు తిరిగొచ్చాక నీచేత ఏడోసారి పాడించారు. అప్పుడు మిషన్లో టేపు తిరగడం లేదు. నీకు తెలియదు. మాస్టారు నీ వీపు తట్టి బాగా వచ్చిందన్నారు. ఆ మెచ్చుకోలే నీకు గుర్తుండిపోయింది, ముందటి ఆరూ చెరిగిపోయినట్టున్నాయి. తర్వాత క్యాసెట్ విని నువ్వు, “ఇది నా గొంతులా లేదు” అన్నావు కూడా. “ఎవరి గొంతు ఆళ్ళకి టేపులో కొత్తగానే ఉంటాదిరా” అన్నారాయన. అది నిజమే. అందుకే నువ్వు నమ్మావు. ఊళ్ళోవాళ్ళు బొమ్మ చూసి నమ్మారు. నాది సన్నటి గొంతు, కుర్రాడిదంటే కుర్రాడిదే అనుకున్నారు.

కోపం లేదని అబద్ధం రాయను. చాలా ఉండేది. ఎవరి పెళ్ళికి వెళ్ళినా, ఎవరి ఆరాధనకి వెళ్ళినా నా గొంతు మైకులో వినిపించేది, అందరూ నీ పేరు చెప్పుకునేవారు. నా పెళ్ళిలో కూడా. నువ్వు నవ్వావు. తెలిసి నవ్వావనుకున్నాను. ఆ తర్వాత నేను ఏ పాటా పాడలేదు. చర్చిలో కూడా పెదవులు కదుపుతానంతే.

నీ తప్పు లేదు. నీ మీద పెట్టుకున్న కోపమంతా ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. శాలువా కప్పించుకో. నాకు అభ్యంతరం లేదు. ఆ టేపు మాత్రం వెయ్యకు.

నీ అప్ప,
రోజలిన్


అనకాపల్లి,
24 ఆగస్టు 2005.

రోజలిన్‌కి,

చదివాను. నమ్మను.

నన్ను ఆపడానికి ఇంతకంటే మంచి కథ దొరకలేదా? మాస్టారు చనిపోయారు, అడగడానికి లేదు. త్రినాధరావు గారు నోరు విప్పరు. ఇంక నీ మాటే సాక్ష్యం. నాకు శాలువా కప్పుతున్నారని వినగానే పాతికేళ్ళ తర్వాత పాట నీదైపోయింది. చిన్నప్పుడు అమ్మ నాకు ఎక్కువ వడ్డించిందని కూడా రాయవలసింది.

నా గొంతు నాకు తెలియదా?

స్టాన్లీ


అనకాపల్లి,
5 అక్టోబరు 2005.

అప్పా,

పోయిన ఉత్తరం నువ్వు చింపేసి ఉంటే మంచిది. చింపకపోతే ఇది చదివాక చింపెయ్యి. అందులో రాసినవాటికి క్షమించమని ఎలా అడగాలో కూడా తెలియడం లేదు.

అది పోస్టు డబ్బాలో వేసి ఇంటికొచ్చి అమ్మ దగ్గర కూర్చున్నాను. ఏమీ చెప్పకుండా ఆ టేపు పెట్టాను. నువ్వు అబద్ధం చెప్తున్నావని అమ్మచేత అనిపించాలని. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మొదటి మాట పూర్తికాలేదు, తల ఎత్తకుండానే, “నువ్వే కదేటి” అంది.

“మరి క్యాసెట్‌లో పాటో?”

“అది రోజాది. నా కొడుకు గొంతు నాకు తెల్దా. ఆ దినమే తెలుసు.”

ఎందుకు చెప్పలేదని అరిచాను. చిక్కుడుకాయలన్నీ అయిపోయాక, “అది అడిగితే సెప్పేద్దును. అడగనేదు. అడగదని నాకు తెలుసు. తల్లి లేని పిల్ల” అంది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను అమ్మని ఏమీ అనలేకపోయాను అప్పా. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

నెల రోజులు ఆలోచించాను. ఆలోచించానని రాస్తున్నాను గానీ, నిజానికి చెప్పకుండా తప్పించుకునే దారి వెతికాను. ఉద్యోగం పోతుందా, దీనా వాళ్ళ నాన్న ఏమంటాడు, పిల్లలు రేపు చర్చికి ఎలా వెళ్తారు, ఇవే. చివరికి దీనాకి చెప్పాను. తను ఒక్కటే అడిగింది: “మీరు పాడినేదని తెలిసేక ఆ శాలువా ఎలాగ కప్పుకుంతారు?”

పోయిన ఆదివారం లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. పాట నాది కాదు, మా అప్ప రోజలిన్ పాడింది, నాకూ మొన్నటిదాకా తెలియదు అన్నాను. నీకు కబురు పంపకుండానే చెప్పాను, అదీ తప్పేనేమో.

ఏం జరిగిందో చెప్తే నమ్మవు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు కళ్ళు తుడుచుకుని, “చూశారా ఈయన తగ్గింపు స్వభావం. దేవుడిచ్చిన తలాంతుని, ఇంతటి గానవరాన్ని కూడా అక్కగారికి అర్పిస్తున్నారు” అని, దానిమీద పది నిమిషాలు ప్రసంగించారు. కాదండీ అంటే చప్పట్లు ఇంకా పెరిగాయి. చివరికి ఆ టేపు వేశాను. నా చీలిపోయిన గొంతు ఆరుసార్లూ. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఎవరో పెద్దాయన, “పాపం జ్వరంలో కూడా పాడేడు సూడు” అన్నాడు. అమ్మ చాప మీంచి లేవబోతూ గట్టిగా, “ఆడు నిజమే సెప్తన్నాడు, అది మా రోజా పాట” అంది. పక్కన ఆడవాళ్ళు ఆవిడ భుజం నిమిరి కూర్చోబెట్టారు. త్రినాధరావు గారు ఒక్కరే లేచి నిలబడ్డారు, ఆయన చెప్పేలోపు శాలువా నా మీద పడిపోయింది. తీసేద్దామంటే ఫొటోలు తీస్తున్నారు.

ఇప్పుడు ఊళ్ళో నాకు మునుపటికంటే పేరు ఎక్కువైంది. బడికి వెళ్తే టీచర్లు లేచి నిలబడుతున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సీడీ ఆపేశాను. ‘గానం: రోజలిన్’ అని కార్డు రాసి ఇస్తే కమిటీ కొట్టేసింది, జనం అయోమయంలో పడతారట. నేను చెప్తే నమ్మరు, అమ్మ చెప్తే నమ్మరు. నువ్వు వచ్చి ఆ గదిలో నిలబడి పాడితే తప్ప ఎవరూ నమ్మరు. నవంబరు రెండో ఆదివారం సాయంత్రం చర్చిలో పాటల కూటం ఉంది. నేను కీబోర్డు వాయిస్తాను. త్రినాధరావు గారు చేట తీసేసి తబలా బిగించుకుంటున్నారు.

నువ్వు రాకపోతే నాకు అడిగే హక్కు లేదు. రాయకపోయినా లేదు. కానీ నువ్వు మళ్ళీ పాటే పాడలేదని రాసిన ఆ ఒక్క ముక్క నన్ను పడుకోనివ్వడం లేదు అప్పా.

నీ తమ్ముడు,
స్టాన్లీ


జయపురం,
17 అక్టోబరు 2005.

తమ్ముడు స్టాన్లీకి,

పోయిన ఉత్తరం చింపలేదు. చింపను కూడా. నీకు కోపమొస్తే ఎంత చెడ్డగా రాస్తావో మీ పిల్లలకి చూపిస్తాను.

పాస్టరు గారి ప్రసంగం చదివి వార్డులో ఒక్కదాన్నే నవ్వాను. రోగులు కంగారుపడ్డారు. నువ్వు నలుగురిలో నిలబడి నోరు విప్పావు. నేను పాతికేళ్ళలో ఆ పని చెయ్యలేకపోయాను. కోపం పూర్తిగా పోయిందని రాయను. పిన్ని మీద ఇప్పుడే కొత్తగా మొదలైంది. ఆవిడతో వచ్చాక మాట్లాడుకుంటాను. మోకాళ్ళకి మందు తెస్తున్నానని మాత్రం చెప్పు.

నిన్న మధ్యాహ్నం డ్యూటీ లేదు. క్వార్టర్స్ వెనక, బట్టలారేసే చోట ఎవరూ లేరు. పాట మొదలుపెట్టాను. పల్లవి బాగానే వచ్చింది. రెండో చరణంలో ఒక మాట గుర్తురాలేదు, నిలబడి వెతుక్కున్నాను, దొరికింది. తిరిగి పల్లవికొచ్చి ‘వెతికితివా’ దగ్గర ఇంకా పైకి వెళ్ళబోతే గొంతు చీలిపోయింది. అచ్చం నీ టేపులాగే. మళ్ళీ పాడాను, మళ్ళీ చీలింది. నాలుగోసారి కిందినుంచి పట్టుకుంటే నిలిచింది. నలభై నాలుగేళ్ళ గొంతు, ఇంతకంటే ఎక్కదు.

సెలవు దొరికింది. కూటానికి ముందు రోజు, శనివారం మధ్యాహ్నానికి దిగుతాను. పాత క్యాసెట్‌లో ఉన్నట్టు వాయించకు, నాకు అందదు. శ్రుతి రెండు మెట్లు దించి ప్రాక్టీసు చేసి ఉంచు.

రోజలిన్